తాడు లాగితే మోగుతుంది, గేరేస్తే ఆగుతుంది

అమెరికాలో పెరిగే మన పిల్లల్ని మీ నాన్న ఏం పని చేస్తాడని అడగండి. తలుపేసుకుని, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడతాడు అంటారు. అంతకుమించి వాళ్లకి కనిపించేది ఏమీ లేదు మరి. నా చిన్నప్పుడు అలా కాదు. భీమవరం దగ్గర మా ఊళ్లో నాన్నగారు దాళ్వా పంటకి కాలవ నీళ్లు తోడటానికి డీజిల్‌తో నడిచే ఆయిల్ ఇంజను ఆడించేవారు. అది మొరాయిస్తే గట్టు మీదే విప్పేవారు. నేను పక్కన కూర్చుని పానాలు అందించేవాణ్ణి. పదో తరగతికి వచ్చేసరికి "నువ్వెళ్లి చదువుకోరా, ఈ మడ్డి నీకెందుకు" అని ఇంటికి పంపేసేవారు.

ఆ మాట చలవే నేను మిన్నెసోటాలో ఉండటం, కాదనను. కాకపోతే ఇక్కడికొచ్చాక ఆ మాటని మేం ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివాం. మా పెద్దాడికి శనివారం మ్యాథ్స్, ఆదివారం తెలుగు బడి, మధ్యలో మృదంగం. చేతికి మసి అంటుకునే పని ఒక్కటంటే ఒక్కటి లేదు. కుళాయి కారినా ప్లంబర్, కంచె విరిగినా ఇంకొకరు. అందుకే పద్నాలుగేళ్ల కొడుకు పక్కింటి పెద్దాయన దగ్గర్నుంచి ఒక పాత బోటు మోటారు తెచ్చుకుంటానంటే మా ఆవిడా నేనూ ఒకేసారి అన్న మాట "మరి చదువు?"

ఇక్కడ బోటు పెద్ద విలాసమేమీ కాదు. పది ఎకరాలకి తక్కువ కాని సరస్సులే ఈ రాష్ట్రంలో 11,842 ఉన్నాయని ప్రభుత్వ లెక్క. మంచు కరిగి మే నెలలో చేపల సీజను మొదలవగానే ప్రతి రెండో బండి వెనకా ఒక అల్యూమినియం పడవ కనిపిస్తుంది. పెద్దాయన పడవ పద్నాలుగడుగులది. దాని వెనక తగిలించే మోటారు 9.9 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోకు, వయసులో మా వాడికి రెండింతలకి పైనే. తాడు లాగితే స్టార్టవుతుంది, మెల్లగా ఆడుతుంది. గేరేసి థ్రాటిల్ తిప్పితే గుర్రుమని నీరసించి ఆగిపోతుంది. అలాంటి మోటారు కొత్తది కొనాలంటే వేల డాలర్లు పెట్టాలి. "బాగు చేసుకుంటే నీదే" అన్నాడాయన.

మన పద్ధతి వేరు. బండి ఆగిందంటే ముందు ప్లగ్గు మారుస్తాం, తర్వాత కాయిలు, ఆ తర్వాత ఎవడో చెప్పిన ఇంకో పార్టు. డబ్బులయిపోయాక మెకానిక్కుని పిలుస్తాం. పక్కింటి పెద్దాయన మాత్రం మడత కుర్చీ తెచ్చుకుని మా గరాజ్ ముందు కూర్చునేవాడు తప్ప మోటారు మీద చెయ్యేసేవాడు కాదు. మా వాడు ఏమడిగినా "ఇప్పటిదాకా ఏం చూశావు?" అని తిరిగి అడిగేవాడు. మొదట్లో నాకు చిరాకేసింది, చెప్పేస్తే పోతుంది కదా అని.

ఆయన పెట్టిన వరస ఇది. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందన్నది, తర్వాత స్పార్క్, ఆ తర్వాతే పెట్రోల్. కంప్రెషన్ లేకపోతే మిగతా రెండింటి మీద పెట్టే టైమంతా వృథా కాబట్టి అది ముందు. ఆటో పార్టుల షాపులో డిపాజిట్ కడితే అది కొలిచే గేజ్ అరువిస్తారు. ప్లగ్గులు రెండూ విప్పి, వాటి వైర్లని ఇంజను బాడీకి తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇక పైకి లేవనంతవరకు తాడు లాగాలి. ఒక సిలిండర్ చదరపు అంగుళానికి 105 పౌన్లు చూపించింది, రెండోది 100. అంకె ఎంతన్నదాని కన్నా రెండింటి మధ్య తేడా ముఖ్యమట. అది పది శాతం లోపే ఉంటే భయం లేదు. స్పార్కూ రెండింటికీ నీలంగా, గట్టిగా వచ్చింది. ఆ పరీక్షలో మా వాడికి ఓ షాక్ తగిలింది, అరిచిన అరుపుకి వాళ్లమ్మ బయటికి పరిగెత్తుకొచ్చింది. పెట్రోల్ డబ్బాని ముందే దూరంగా పెట్టించాం కాబట్టి సరిపోయింది.

ఇక మిగిలింది పెట్రోలే. ట్యాంకులోది గోధుమ రంగుకి తిరిగిపోయి, వార్నిష్ వాసన కొడుతోంది. ఇక్కడి మామూలు పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమని పీలుస్తుంది, నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోల్ జిగురుగా మారుతుంది. పడవలకీ గడ్డి కోసే మిషన్లకీ ఇథనాల్ లేని పెట్రోల్ కొన్ని బంకుల్లో విడిగా దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువ. పాతదంతా తీసేసి అది తెచ్చాం. ఈ మోటారుకి యాభై పాళ్లకి ఒక పాలు టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి, అంటే ఆరు గ్యాలన్ల ట్యాంకుకి సుమారు 450 మిల్లీలీటర్లు. ఆ లెక్క మా వాడు నోటితో చేసేశాడు. మ్యాథ్స్ క్లాసు ఫీజులు వృథా పోలేదు.

పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బొరేటర్‌ని విప్పిన సాయంత్రం బాగా గుర్తుంది. అడుగున ఉండే గిన్నె తీస్తే లోపల ముదురు బెల్లం పాకంలాగా ఏదో పేరుకుపోయి ఉంది. మెల్లగా ఆడేటప్పుడు పెట్రోల్ వెళ్లే దారి వేరు, వేగం పెంచినప్పుడు వెళ్లే దారి వేరు. ఆ రెండో దారిలో ఒక ఇత్తడి జెట్టు ఉంటుంది, దాని బెజ్జం గుండుసూది మొన కన్నా ఎక్కువ ఉండదు. అది మూసుకుపోయింది. డ్రిల్లు పెడితే ఇత్తడి అరిగి బెజ్జం పెద్దదైపోతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకూడదు. క్లీనర్‌లో నానబెట్టి, గిటారు తీగల్లోకెల్లా సన్నదాన్ని దాంట్లోంచి మెల్లగా తోశాడు. లైటుకి ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ కనపడలేదు. మళ్లీ నానబెట్టాడు. హోంవర్కు ముందు పావుగంట కూర్చోలేనివాడు ఆ జెట్టు పట్టుకుని రాత్రి పదింటి దాకా కదల్లేదు. "నాన్నా, లైట్ కనిపిస్తోంది!" అన్నప్పుడు నేను కూడా కన్ను మూసి చూశాను. చుక్కంత వెలుగు, గుండ్రంగా.

కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాక, మోటారుని నీళ్లు నింపిన డ్రమ్ములో దించి స్టార్ట్ చేశాం. నీళ్లు లేకుండా నడిపితే నీటి పంపులోని రబ్బరు చక్రం నిమిషాల్లో మాడిపోతుంది. వెనక సన్నని ధార బయటికి పడుతోందంటే పంపు పని చేస్తున్నట్టు లెక్క. ధార బాగానే వచ్చింది, పొగ కూడా వీధంతా బాగానే వచ్చింది. మోటారు బాగుపడిపోయిందని పండగ చేసుకున్నాం.

సరస్సులోకి వెళ్లాక అసలు సంగతి తేలింది. కాసేపు హాయిగా పరిగెత్తాక వేగం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. పెట్రోల్ గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఒకటుంటుంది, దాన్ని నొక్కుతూ ఉంటే లేస్తుంది, వదిలేస్తే మళ్లీ పడిపోతుంది. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచే ఉంది, అది చూశాం. డ్రమ్ములో మోటారు మీద బరువుండదు, తాగే పెట్రోలూ కొంచెమే, అందుకే అక్కడ ఈ జబ్బు బయటపడలేదు. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకి చేరాం.

మా నాన్నగారితో మా వాడి వీడియో కాల్ ఎప్పుడూ రెండు నిమిషాలకి మించదు. "అన్నం తిన్నావా?" "తిన్నా." "బాగా చదువుతున్నావా?" "ఆఁ." ఆపైన ఫోను నా చేతికి వచ్చేస్తుంది. ఆ రాత్రి మాత్రం మాటల్లో మోటారు సంగతి వచ్చేసరికి ఆయన నన్ను పక్కకి జరగమన్నారు.

"ఏరా నాన్నా, ఆగేముందు తడబడుతుందా, టక్కుమని ఆగిపోతుందా?"

"తడబడుతుంది తాతయ్యా. స్లోగా. బల్బ్ నొక్కితే మళ్లీ లేస్తుంది."

"అయితే కరెంటు తప్పు కాదు. కరెంటు పోతే టక్కుమని పోద్ది. పెట్రోలు అందట్లేదు దానికి. ఎక్కడో గాలి లాగుతోంది చూడు."

"కానీ ఎక్కడా లీక్ లేదు తాతయ్యా. ఒక్క డ్రాప్ కూడా కారట్లేదు."

"ట్యాంకు కింద ఉందా, పైన ఉందా?"

ట్యాంకు పడవ అడుగున ఉంటుంది, మోటారు పైన. పంపు కింద నుంచి పీల్చుకుంటుంది కాబట్టి కంత ఉన్నా పెట్రోల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. ఇది మా వాడు తనంతట తనే, చెబుతూ చెబుతూ అర్థం చేసుకున్నాడు, సగం తెలుగు సగం ఇంగ్లిషులో. తర్వాత వీడి వంతు. దీనికి స్పార్క్ ప్లగ్గులెందుకు, కార్బొరేటర్ అంటే ఏంటి, డీజిల్ ఇంజనుకి అవి రెండూ ఎందుకుండవు అని తాతయ్యకి చెప్పాడు. గాలి పట్టినప్పుడు నట్టు వదులు చేసి, బుడగలు పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా పంపు ఎలా కొట్టేవారో ఆయన చేతులతో చూపించారు. నేను ఇవతల కూర్చుని వింటున్నాను. వాడికి ఇంత తెలుగు వచ్చని నాకు తెలీదు. తెలుగు బడిలో టీచరుగారికీ తెలిసి ఉండదు. వాడితో మేం మాట్లాడే తెలుగు తిండి గురించి, లేదంటే తిట్టడానికి. ఇంకో పనికి వాడే అవసరం వాడికి ఇన్నాళ్లూ రాలేదు.

మర్నాడు గొట్టానికి మధ్యలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం ముక్క తగిలించి చూశాం. బుడగలు వరసగా వెళ్తున్నాయి. మోటారుకి తగిలించే కనెక్టరులో రబ్బరు రింగు ఎండి పగిలిపోయింది. ఒక్క రింగు మార్చి ఊరుకోకుండా బల్బుతో సహా మొత్తం గొట్టం కొత్తది వేశాం. దాని మీది బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. ఈసారి సరస్సు అవతలి ఒడ్డు దాకా వెళ్లి వచ్చింది.

పెద్దాయన పూర్వీకులు నార్వే నుంచి వచ్చినవాళ్లు, ఈ చుట్టుపక్కల చాలామంది లాగే. అవుట్‌బోర్డ్ మోటార్లని, అంటే ఇలా పడవ వెనక తగిలించే వాటిని, జనంలోకి తెచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ కూడా నార్వేలో పుట్టి చిన్నప్పుడే విస్కాన్సిన్‌కి వచ్చినవాడేనని చెప్పాడు. మనం పింగళి వెంకయ్యగారి గురించి చెప్పుకునేటంత గర్వంగా చెప్పాడు. ఎండలో ఐస్‌క్రీమ్ కోసం తెడ్లు వేసుకుని సరస్సు దాటి వెళ్తే, తిరిగొచ్చేలోపు అది కరిగిపోయిందట, అప్పుడు పుట్టిందట ఆ ఆలోచన. కథ సంగతి ఎలా ఉన్నా, 1909 నాటికి మిల్వాకీలో మోటార్లు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. మరి మీకు నార్వేజియన్ వచ్చా అని అడిగాను. తాత మాట్లాడేవాడట, తండ్రికి అర్థమయ్యేదట, తనకి భోజనం ముందు చేసే ప్రార్థన ఒక్కటి వచ్చట. క్రిస్మస్‌కి బంగాళదుంప రొట్టెలు, లెఫ్సేలు, మాత్రం ఇప్పటికీ ఇంట్లోనే చేసుకుంటారు. మా మూడో తరానికి పెసరట్టు మిగులుతుందన్నమాట. మా ఆవిడతో అంటే నవ్వలేదు.

అక్టోబరులో పని ఇంకా ఉంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ మిగలకుండా ఆడించేయాలి, సిలిండర్లలో ఆయిల్ కొట్టాలి, కింది గేరు డబ్బాలో నూనె మార్చాలి. నీటి పంపు రబ్బరు చక్రం కూడా కొత్తది తెప్పించాడు. ఇప్పుడు ఇంట్లో గొడవ వాడు ఒంటరిగా వెళ్లడం గురించి. బోటు పర్మిట్ కోర్సు ఆన్‌లైన్‌లో పూర్తి చేశాడు. లైఫ్ జాకెట్ విప్పకూడదు, మనిషి పడిపోతే మోటారుని ఆపే తాడు చేతికి కట్టుకునే ఉండాలి, తెడ్లు పడవలో ఉండాలి, ఒడ్డు నుంచి కనిపించేంత దూరమే వెళ్లాలి అన్నాను, అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున తెలుగు బడి ఎగ్గొట్టే ప్రసక్తే లేదని వాళ్లమ్మ ఇంకొకటి కలిపింది. చేపలు పడేది పొద్దున్నేనని వాడి వాదన. తాతయ్యతో వారానికో గంట మాట్లాడితే బడి కింద లెక్కేయాలంటున్నాడు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. నేను ఎవరి వైపూ మాట్లాడట్లేదు.