ఎనిమిదో ఇన్నింగ్స్‌కి ముందు మూడు రోజులు

సెప్టెంబరు వచ్చి సీజన్ చివరికి చేరిందంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ అభిమానులు మేనేజర్‌ని తిట్టుకోని రాత్రి ఉండదు. స్టార్టర్‌ని (ఆట మొదటి నుంచి బంతులు విసిరే పిచ్చర్‌ని) అప్పుడే ఎందుకు తీసేశాడు, తియ్యకుండా అంతసేపు ఎందుకు ఉంచాడు, క్లోజర్‌ని (ఆధిక్యం కాపాడి ఆట ముగించేవాణ్ని) కూర్చోబెట్టి ఇంకెవర్నో ఎందుకు పంపాడు... వాదనంతా పరుగులు పోయిన ఇన్నింగ్స్ చుట్టూనే తిరుగుతుంది. కానీ ఆ ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి మేనేజర్ చేతిలో మిగిలినవి రెండో మూడో దారులే. మిగతావన్నీ అంతకు ముందు మూడు రోజుల్లో ఆయనే మూసేసుకుని ఉంటాడు. నేను పట్టుకుని వాదించేది ఆ మూడు రోజుల గురించే.

సెప్టెంబరు 1 నుంచి జట్టులో 28 మంది ఉండొచ్చు, అందులో పిచ్చర్లు 14 మందికి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు పోతే బుల్‌పెన్‌లో, అంటే స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్లలో, తొమ్మిది మంది. 2019 వరకు 40 మంది దాకా పిలిపించుకునే వీలుండేది, కాబట్టి అలసిన చేతుల్ని పక్కన పెట్టడం తేలిక. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. తొమ్మిది అనేది కూడా కాగితం మీద అంకే. నిన్న 30 బంతులు దాటినవాడు ఇవాళ లేనట్టే. వరసగా రెండు రోజులు వేసినవాడిని మూడో రోజు మామూలుగా ముట్టుకోరు. 15 బంతుల లోపు వేసినవాడు మర్నాడు సిద్ధంగానే ఉంటాడు. 20 నుంచి 25 వేసినవాడిని అడిగి చూడాలి. లాంగ్ రిలీవర్‌ని (వరసగా ఎక్కువ ఇన్నింగ్స్ వేసేవాణ్ని) స్కోరు దగ్గరగా ఉన్న ఆటలో దింపరు. ఇలా తీసేసుకుంటూ పోతే చాలా రాత్రులు నమ్మదగినవాళ్లు ముగ్గురో నలుగురో తేలతారు.

ఇందులో కంటికి కనబడని ఖర్చు ఒకటుంది. సిద్ధం కమ్మని ఫోన్ మోగగానే రిలీవర్ లేచి 15, 20 బంతులు విసిరి ఒళ్లు వేడెక్కించుకుంటాడు. అంతలో స్టార్టర్ డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు) తెచ్చుకుని గట్టెక్కుతాడు. రిలీవర్ కూర్చుంటాడు. తర్వాతి ఇన్నింగ్స్‌లో మళ్లీ లేస్తాడు, మళ్లీ విసురుతాడు. ఆటలోకి దిగకపోతే బాక్స్ స్కోర్‌లో (ఆట అంకెల పట్టికలో) అతని పేరే ఉండదు. చెయ్యి మాత్రం 40 బంతులు పడేసింది. "ఆ మనిషి నిన్న వెయ్యలేదు కదా, ఇవాళ ఎందుకు లేడు?" అని ఎవరైనా అడిగితే చాలాసార్లు జవాబు ఇదే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. గురువారం 6-2 ఆధిక్యంలో ఎనిమిదో ఇన్నింగ్స్. ఎందుకైనా మంచిదని మేనేజర్ సెటప్ పిచ్చర్‌ని (క్లోజర్‌కి ముందు వేసే రిలీవర్‌ని) దింపాడు, 19 బంతులు. శుక్రవారం ఒక్క పరుగు తేడా, అతనే, 22 బంతులు. శనివారం రెండుసార్లు లేపి కూర్చోబెట్టారు. ఆదివారం నేరుగా పోటీలో ఉన్న జట్టుతో 3-2 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్, ఎదుటి లైనప్‌లో రెండు, మూడు, నాలుగో బ్యాటర్లు వస్తున్నారు. సెటప్ పిచ్చర్ లేడు. బుల్‌పెన్‌లో నాలుగో స్థాయి మనిషి వచ్చి హోమ్ రన్ ఇచ్చాడు. అందరూ ఆదివారం నిర్ణయాన్ని తప్పుపడతారు. ఆదివారం చేసింది సరే, గురువారం చేసింది తప్పు.

దీనికి ఎదురువాదన ఉంది, అది బలమైనదే. 6-2లో నాలుగో మనిషిని దింపితే అతను ఇద్దరికి వాక్ (గురి తప్పిన నాలుగు బంతులకి ఉచితంగా బేస్) ఇస్తాడు, అప్పుడు మంచివాణ్ని ఎలాగూ లేపాల్సిందే కదా అని. నిజమే. అందుకే అలాంటి మనిషిని ఇన్నింగ్స్ మొదట్లో, బేసుల మీద ఎవరూ లేనప్పుడు దింపాలి, ఇన్నింగ్స్ మధ్యలో మంట ఆర్పడానికి కాదు. ఇద్దరు బేసుల మీదికి చేరేదాకా మంచివాణ్ని లేపకూడదు. ఈ పద్ధతిలో పదిసార్లకి ఒకటి రెండుసార్లు గుండె జారిపోయే సందర్భం వస్తుంది. మిగిలిన ఎనిమిదిసార్లు మంచి చెయ్యి ఒక రోజు విశ్రాంతి సంపాదించుకుంటుంది.

2011 అట్లాంటా బ్రేవ్స్‌ని చూస్తే ఈ లెక్క ఎక్కడికి దారితీస్తుందో అర్థమవుతుంది. ఆ సీజన్లో రిలీవర్లు జానీ వెంటర్స్ 85 ఆటల్లో, క్రెయిగ్ కింబ్రెల్ 79 ఆటల్లో, ఎరిక్ ఓఫ్లాహర్టీ 78 ఆటల్లో దిగారు. ఆగస్టు దాకా ఆ ముగ్గురి ముందు ఎవరూ నిలవలేకపోయారు. సెప్టెంబరు మొదటి వారంలో వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్లకి దక్కే ప్లేఆఫ్ చోటు) పోటీలో కార్డినల్స్ కన్నా ఎనిమిదిన్నర ఆటలు ముందున్నారు. సెప్టెంబరు 28న, చివరి ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3-2 ఆధిక్యం. కింబ్రెల్ వాక్‌లు ఇచ్చాడు, స్కోరు సమమైంది, 13వ ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి ఫిలీస్ 4-3తో గెలిచింది. అదే రాత్రి కార్డినల్స్ గెలిచి ముందుకెళ్లింది, చివరికి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) కూడా కొట్టింది. బ్రేవ్స్ బ్యాటింగ్ కూడా ఆ నెలలో చతికిలబడింది, నిందంతా బుల్‌పెన్ మీదే వెయ్యలేం. అయినా ఒకే ముగ్గురిని ఏప్రిల్ నుంచి అన్నిటికీ వాడితే సెప్టెంబరుకి ఏం మిగులుతుందని ఆ రాత్రి చూసినవాళ్లు అడగడం న్యాయమే.

ఇక స్టార్టర్‌ని ఎప్పుడు తీసెయ్యాలన్న గొడవ. ఒకే పిచ్చర్‌ని బ్యాటర్లు మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బాగా ఆడతారన్నది ఏళ్ల తరబడి అంకెల్లో కనిపిస్తున్న విషయం. అలసట ఒక కారణమైతే, అతని బంతులు కంటికి అలవాటు పడటం ఇంకోటి. అయితే అది సగటు. ఈ రాత్రి ఈ మనిషి ఎలా వేస్తున్నాడో అది చెప్పదు. దానికి స్పీడ్ గన్ ఒక్కటే చూస్తే చాలదు. క్యాచర్ గ్లవ్ చూడండి. మూలకి పెట్టిన గ్లవ్ బంతి అందుకోవడానికి రెండు అంగుళాలు కదిలితే పర్వాలేదు. కింద బయటివైపు పెట్టిన గ్లవ్ అడుగు ఎత్తుకి, ప్లేట్ మధ్యకి లాక్కెళ్లాల్సి వస్తోందంటే పిచ్చర్ చెయ్యి ఒంటి వెనక పడిపోతోందని అర్థం. స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) చివర్లో కోసుకుంటూ దిగకుండా మెత్తగా తేలుతుంది. రెండు స్ట్రైకుల తర్వాత (మూడోది పడితే స్ట్రైకౌట్, అంటే ఔట్) మొదటి ఇన్నింగ్స్‌లలో గాలికి బ్యాట్ ఊపినవాళ్లు ఇప్పుడు అదే బంతిని ఫౌల్ (గీత బయటికి) కొడుతుంటారు. ఈ మూడూ కలిసి కనిపించాయంటే బంతుల లెక్క 70 అయినా సరే తీసెయ్యాల్సిందే. ఒక్కటీ కనిపించకపోతే 95 దగ్గర కూడా ఇంకో బ్యాటర్‌ని ఇవ్వొచ్చు.

2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆట మీద గొడవ ఇప్పటికీ ఆగలేదు. టాంపా బే 1-0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక ఔట్ అయ్యాక వాళ్ల స్టార్టర్ బ్లేక్ స్నెల్ రెండో హిట్ ఇచ్చాడు. అప్పటికి 73 బంతులు, తొమ్మిది స్ట్రైకౌట్లు, ఒక్క వాక్ లేదు. తర్వాత రావాల్సిన డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ అతని చేతిలో రెండేసిసార్లు స్ట్రైకౌట్ అయ్యారు. టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని తీసేసి నిక్ ఆండర్సన్‌ని తెచ్చాడు. బెట్స్ డబుల్, వైల్డ్ పిచ్‌తో (క్యాచర్‌కి అందని బంతితో) స్కోరు సమం, సీగర్ గ్రౌండర్ మీద రెండో పరుగు. డాడ్జర్స్ 3-1తో గెలిచి కప్పు ఎత్తింది. స్నెల్‌ని తీసెయ్యడం తప్పని అందరూ అంటారు. నాకైతే అతన్ని ఇంకో ఇద్దరికి ఉంచడాన్నే సమర్థించాలని ఉంది, కానీ తీసెయ్యడంలో ఒక తర్కమైనా ఉంది. తెచ్చిన మనిషి విషయంలో అదీ లేదు. ఆండర్సన్ అంతకు ముందు దిగిన ఆరు ఆటల్లోనూ పరుగులు ఇచ్చాడు. సీజన్లో అతను జట్టులోకెల్లా మేటి రిలీవరే. అక్టోబరు చివరికి ఆ చెయ్యి అది కాదు. "మూడోసారి ప్రమాదం" అన్న సూత్రం, వచ్చేవాడు తాజాగా ఉన్నప్పుడే పనికొస్తుంది.

2003లో రెడ్ సాక్స్ మేనేజర్ గ్రేడీ లిటిల్ చేసింది దీనికి తిరగేసిన తప్పు. అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్, రెడ్ సాక్స్ 5-2తో ముందుంది. యాంకీస్ బ్యాటర్లు జీటర్ డబుల్, విలియమ్స్ సింగిల్, 5-3. లిటిల్ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) దాకా నడిచి వెళ్లి, స్టార్టర్ పెడ్రో మార్టినెజ్‌ని అక్కడే ఉంచి తిరిగొచ్చాడు. మత్సుయి డబుల్, పొసాడా డబుల్, 5-5. పెడ్రో 123 బంతులు వేశాడు. రిలీవర్లు ఎంబ్రీ, టిమ్లిన్ బుల్‌పెన్‌లో సిద్ధంగా ఉన్నారు, ఆ ఇన్నింగ్స్ ముగించింది కూడా వాళ్లే. స్నెల్ రాత్రి లేనిది ఈ రాత్రి ఉంది: తాజా చేతులు. అందుకే దీనికి ఏ సమర్థనా నిలబడదు.

బ్యాటర్లని ముగ్గురేసి గుంపులుగా చూడటం 2020 నుంచి తప్పనిసరి అయింది. దిగిన పిచ్చర్ కనీసం ముగ్గురికి వెయ్యాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం ఎడమచేతి పిచ్చర్‌ని తెచ్చి వెంటనే మార్చే పద్ధతి పోయింది. రెండు ఔట్లు పడ్డాక తెస్తే ఒక్కడితో బయటపడొచ్చు. కానీ అతన్నే తర్వాతి ఇన్నింగ్స్‌కి పంపితే ముగ్గురి లెక్క పూర్తి చెయ్యాల్సిందే. ఈ సంగతి మరిచి తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

క్లోజర్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్ ఆధిక్యం కోసం దాచడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2016 వైల్డ్ కార్డ్ ఆటలో ఆ సీజన్ 47 సేవ్ (ఆధిక్యం కాపాడి ఆట ముగించే) అవకాశాల్లో 47 నిలబెట్టిన జాక్ బ్రిటన్‌ని బాల్టిమోర్ మేనేజర్ బక్ షోవాల్టర్ అసలు దింపలేదు. 11వ ఇన్నింగ్స్‌లో టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నసియోన్ హోమ్ రన్‌తో బాల్టిమోర్ సీజన్ ముగిసింది. ఎదుటివాళ్ల మైదానంలో స్కోరు సమంగా ఉంటే ఒక్క పరుగు ఇచ్చినా ఆట అయిపోతుంది. రాని ఆధిక్యం కోసం మంచి చేతిని దాచి ఏం లాభం?

చివరి వారాంతం లెక్క వేరు. సీజన్ ఆదివారం ముగిసి మంగళవారం వైల్డ్ కార్డ్ మొదలైతే, నాలుగు రోజుల విశ్రాంతి ప్రకారం గురువారం వేసిన స్టార్టర్ మంగళవారానికి, శుక్రవారం వేసినవాడు బుధవారానికి, శనివారం వేసినవాడు గురువారానికి సిద్ధం. ఆదివారం వేసినవాడికి ఆ మూడు ఆటల సిరీస్‌లో చోటే లేదు. ఏస్‌ని (జట్టులో మేటి స్టార్టర్‌ని) ఆదివారం దింపారంటే, ఆ ఆట ఓడితే ఇంటికే అన్న పరిస్థితి అయి ఉండాలి. దీనికి తోడు 2022 నుంచి 163వ ఆట (సమంగా నిలిచిన జట్ల మధ్య అదనపు ఆట) లేదు, సమానంగా ముగిస్తే ముందుగా చూసేది రెండు జట్ల ముఖాముఖి రికార్డు. అది మన చేతిలో ఉంటే ఒక ఆట ఆధిక్యం రెండు ఆటలతో సమానం. అప్పుడు ఆదివారం ఐదో స్టార్టర్‌ని లైనప్ ఒక్కసారి తిరిగేదాకా ఉంచి, శనివారం వెయ్యనివాళ్లతో ముగించొచ్చు, మంగళవారానికి ముగ్గురు మంచి రిలీవర్లు రెండేసి రోజుల విశ్రాంతితో మిగులుతారు.