పక్కింటి ఫెన్సు మన తోటలోకి జరిగితే: ఇంగ్లండులో పిల్లలున్న ఇళ్ళకి కొన్ని సూచనలు

ఇంగ్లండులో సెమీ డిటాచ్డ్, టెర్రస్ ఇళ్ళలో తోట జాగా పోయేది చాలాసార్లు పక్కవాళ్ళ దురాశ వల్ల కాదు, భూమిలో మిగిలిపోయిన పాత కాంక్రీటు వల్ల. ఫెన్సు పోస్టు కింద రెండడుగుల లోతున దిమ్మ ఉంటుంది. దాన్ని పగలగొట్టి బయటికి తీయడం ఒళ్ళు హూనమయ్యే పని. అందుకని పనివాడు దాన్ని అలాగే వదిలేసి పక్కనే కొత్త గుంట తీస్తాడు. ఆ గుంట మనవైపు పడిందా, నాలుగైదు అంగుళాలు పోయినట్టే. 60 అడుగుల పొడవున్న తోటలో 5 అంగుళాలంటే 25 చదరపు అడుగులు. కొన్నేళ్ళకి ఆ ఫెన్సు కూలి మళ్ళీ ఇంకొకరు అదే పని చేస్తే అడుగు దాకా వెళ్తుంది. ఎక్స్‌టెన్షన్ కట్టినప్పుడు ఇంకో రకం: గోడ వాళ్ళ జాగాలోనే లేస్తుంది, గట్టర్ మాత్రం మన కొత్తిమీర మడి మీదికి వేలాడుతుంది.

మన ఇళ్ళలో దీనికి రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. ఒకటి, "పోనీలే, ఇరుగుపొరుగుతో ఎందుకు" అని బయట నవ్వేసి, భోజనాల దగ్గర నెలల తరబడి అదే మాట్లాడుకోవడం. రెండోది, ఊళ్ళో గట్టు తగాదాలు చూసి పెరిగిన మనిషి ఆ సాయంత్రమే ఫెన్సు దగ్గర గొంతు పెంచడం. రెండూ వినేది పిల్లలే. ఆ పక్కింటి పిల్లలతో ఒకే స్కూలుకి నడిచి వెళ్ళేదీ వాళ్ళే. అందుకే ఈ వ్యవహారాన్ని కాగితం మీదికి, టేపు మీదికి తొందరగా తేవాలి. మనసులో ఎంత ఎక్కువకాలం నానితే పిల్లల మీద అంత పడుతుంది.

పని జరుగుతుండగా చూస్తే క్షణం ఆగొద్దు. పోస్టుల చుట్టూ పోసే పోస్ట్‌మిక్స్ పది నిమిషాల్లో బిగుసుకుంటుంది. "ఆయన ఆఫీసు నుంచి రానీ, మాట్లాడదాం" అనుకునేలోపు ఆరు పోస్టులూ నిలబడిపోతాయి. బయటికెళ్ళి, "కాంక్రీటు పోయకముందు ఒక్కసారి పాత వరస చూసుకుందాం, దయచేసి ఆగండి" అంటే చాలు. పాత దిమ్మలు కనిపిస్తున్నప్పుడే, పక్కన టేపు పరిచి ఫోటోలు తీసుకోండి. మట్టి కప్పాక ఆ సాక్ష్యం దొరకదు.

ఫెన్సు అప్పటికే వేసేసి ఉంటే కొలతలతో మొదలుపెట్టాలి. 30 మీటర్ల స్టీలు టేపు వాడండి. గుడ్డ టేపు సాగుతుంది, మధ్యలో వేలాడుతుంది. ఇంటి గోడ ఇటుక మూలని స్థిరమైన గుర్తుగా పెట్టుకోండి, నీటి పైపుని కాదు, పైపులు మారుస్తారు. ఇంటి దగ్గర, తోట మధ్యలో, చివర, మూడు చోట్ల వెడల్పు కొలిచి తేదీతో రాయండి. పన్నెండేళ్ళు దాటిన పిల్లలుంటే టేపు రెండో కొస వాళ్ళకివ్వండి, ఎందుకు కొలుస్తున్నారో రెండు మాటల్లో చెప్పండి. తర్వాత పాత ఫోటోలు వెతకండి. పిల్లల పుట్టినరోజుల ఫోటోలు ఇందులో బంగారం: కేకు వెనకాల ఫెన్సు, దాని పక్కన వంటింటి కిటికీ. కిటికీ అంచు నుంచి ఫెన్సు దాకా అప్పుడు ఎన్ని ఇటుకలు కనిపించాయి, ఇప్పుడు ఎన్ని? ఇల్లు కొన్నప్పటి ఎస్టేట్ ఏజెంటు బ్రోషరులోనూ తోట ఫోటో ఉంటుంది.

కాగితాల విషయంలో మనవాళ్ళు ఒకచోట బోల్తాపడతారు. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్ అనే సర్వే రికార్డు తీస్తే అందులో హద్దు కొలతలు ఉంటాయి, సర్వేయరు వచ్చి కొలిచి గట్టు తేలుస్తాడు. ఇక్కడ ఇంటి జాగా పటం, అంటే టైటిల్ ప్లాన్, అలాంటిది కాదు. భూముల యాజమాన్యం నమోదు చేసే ప్రభుత్వ శాఖ ల్యాండ్ రిజిస్ట్రీ సైట్లో 7 పౌండ్లకి దొరుకుతుంది, ఎర్ర గీత స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అది స్థూలమైన హద్దు మాత్రమేనని 2002 ల్యాండ్ రిజిస్ట్రేషన్ చట్టంలోని 60వ సెక్షను చెబుతుంది. పట్టణాల్లో ఆ ప్లాన్ స్కేలు 1:1250. అంటే ప్లాన్ మీద ఒక్క మిల్లీమీటరు నేల మీద 1.25 మీటర్లు. ఆ గీతని పట్టుకుని ఐదంగుళాలు నిరూపించడం కుదరదు. పనికొచ్చేది మొదటిసారి ఆ ప్లాటు అమ్మినప్పటి దస్తావేజు. అందులో కొలతలు ఉండొచ్చు, హద్దు గీత మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో గుర్తులు ఉండొచ్చు. ఆ గుర్తు ఎవరి వైపు ఉంటే ఆ ఫెన్సు బాధ్యత సాధారణంగా వాళ్ళది. "ఎడమవైపు ఫెన్సు మనది" అని అందరూ అంటారు గాని, అలాంటి చట్టమేదీ లేదు.

ఇప్పుడు పక్కింటి తలుపు తట్టండి. పెద్దవాళ్ళే వెళ్ళాలి. ఇంగ్లీషు యాస బాగుందని పదో క్లాసు పిల్లని ముందు నిలబెట్టడం, "మీ ఫ్రెండుతో వాళ్ళ డాడీకి చెప్పించు" అనడం, రెండూ చేయొద్దు. జాగా తగాదా మోసే వయసు కాదు అది. మాటలయ్యాక అదే విషయం చిన్న ఉత్తరంగా ఇవ్వండి: "కొత్త పోస్టులు పాత వరస కంటే మావైపు 12 సెంటీమీటర్లు ఉన్నట్టు మాకు కనిపిస్తోంది. ఫోటోలు, కొలతలు జతచేశాం. ఈ వారాంతం ఇద్దరం కలిసి చూద్దామా?" అంతే. కోర్టు, సొలిసిటర్ అనే మాటలు మొదటి ఉత్తరంలో వద్దు. అన్నిటికంటే ముందు మన వైపు నుంచి అటు పాకినవి తీసేయండి. సొరపాదు ఫెన్సెక్కి వాళ్ళ గులాబీల మీద పడి ఉంటే, ఆ ఉత్తరానికి బలం ఉండదు, పిల్లలకీ మన న్యాయం అర్థం కాదు.

వాళ్ళు ఒప్పుకుని జరిపితే సరే. "నిజమే, కానీ ఇప్పుడు మళ్ళీ తవ్వాలంటే కష్టం" అన్నారనుకోండి. ఐదంగుళాల కోసం పోరాడటం మీకూ ఇష్టం లేదు. అప్పుడు ఊరికే వదిలేయకుండా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పనే చేస్తామంటే ఇది చేయమంటాం. "హద్దు పాత పోస్టుల వరసే. ఫెన్సు ప్రస్తుతం ఉన్నచోట ఉండటానికి మా అనుమతి ఉంది. దీన్ని మేం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు" అని రాసి, కొలతల స్కెచ్ గీసి, ఇద్దరూ తేదీతో సంతకాలు చేయాలి.

దీని వెనక చట్టం ఉంది. రిజిస్టరైన భూమిని పదేళ్ళు తమదిగా అనుభవించినవాళ్ళు దాన్ని తమ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా యజమాని అభ్యంతరం చెబితే అది చెల్లదు. కానీ హద్దు పక్క జాగాకి మినహాయింపు ఉంది: అది తమదేనని పదేళ్ళపాటు సహేతుకంగా నమ్మి ఉంటే, మనం వద్దన్నా వాళ్ళకి పోవచ్చు. ఆ పదేళ్ళు దరఖాస్తుకి ముందటి చివరి పదేళ్ళే కానక్కర్లేదని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. మన అనుమతితో వాడుకునేవాళ్ళకి ఈ దారి ఉండదు; హద్దు ఎక్కడో తెలిసి సంతకం పెట్టాక తమదే అనుకున్నామని అనడమూ కష్టం. ఇదంతా ఇంగ్లండు, వేల్స్ చట్టం, స్కాట్లండులో వేరు.

అమ్మమ్మ, తాతయ్య ఆరునెలలకి వచ్చి ఉన్నప్పుడు ఇంకో చిక్కు. పగలంతా తోటలో ఉండేది వాళ్ళే. పక్కాయన ఏదో చూపించి అడుగుతాడు, తాతయ్య మర్యాదకి తలూపుతాడు. "మీ ఫాదర్ సరేనన్నారు" అని తర్వాత వినాల్సి వస్తుంది. ఎవరైనా తోట గురించి అడిగితే "మా అబ్బాయి వచ్చాక" అనే ఒక్క ఇంగ్లీషు వాక్యం వాళ్ళకి నేర్పితే చాలు.

కోపంలో చేయకూడనివి కొన్ని. వాళ్ళు డబ్బు పెట్టి వేయించిన ఫెన్సుని పీకేస్తే ఆస్తి ధ్వంసం కేసు మన మీదికి వస్తుంది. మన వైపు వేలాడే కొమ్మల్ని హద్దు వరకూ కొట్టుకునే హక్కు ఉంది గాని, ఆ కొమ్మలూ వాటి కాయలూ చెట్టు యజమానివే. తీసుకుంటారా అని అడగాలి, గోడ మీంచి విసరకూడదు. కొట్టేముందు ఆ చెట్టుని కొట్టకూడదని సంరక్షణ ఉత్తర్వు ఉందేమో కౌన్సిల్‌ని కనుక్కోండి. మీ వీధి కన్జర్వేషన్ ఏరియా (కౌన్సిల్ ప్రత్యేకంగా కాపాడే ప్రాంతం) అయితే కౌన్సిల్‌కి ఆరు వారాల ముందు తెలియజేయాలి. వసంతంలో పక్షి గూళ్ళుంటే ముట్టుకోవద్దు. కెమెరా పెట్టదలిస్తే మన తోట వరకే కనిపించేలా తిప్పండి, వాళ్ళ పిల్లలు ఆడుకునే చోటు పడకూడదు.

పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్న ఒకటుంది: "మనం ఇండియన్స్ కాబట్టే ఇలా చేశారా?" తెలియకుండా అవునని చెప్పొద్దు, కాదని కొట్టిపారేయనూ వద్దు. ఫెన్సు పనివాడు పాత దిమ్మ తీయకపోవడం రంగుకి సంబంధించింది కాదు; అదే వాళ్ళకి చూపించండి. నిజంగా జాతి పేరుతో మాటలంటే అది వేరే విషయం, వేరే ఫిర్యాదు. మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీ, సమయంతో రాసుకుని పోలీసుల మామూలు నంబరు 101కి ఫోన్ చేయాలి, బెదిరింపు అయితే 999కి. ఫెన్సు ఉత్తరంలో దాన్ని కలపొద్దు.

ఈ లోపు బంతి అటు పడితే? ఎప్పట్లాగే ముందు తలుపు దగ్గరికెళ్ళి అడగమనండి. పెద్దల మధ్య ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన పిల్లల స్నేహానికి సెలవివ్వక్కర్లేదు.

ఎంతకీ తేలకపోతే ఇద్దరూ కలిసి ఒకే చార్టర్డ్ సర్వేయరుని పెట్టుకోవడం అన్నిటికంటే చవక. హద్దు తగాదాలకి సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ మధ్యవర్తిత్వం కూడా ఉంది. కోర్టుకెళ్తే ఖర్చు ఆ జాగా విలువని ఎన్నోరెట్లు మించుతుంది. వెళ్ళక తప్పకపోతే ముందు ఇంటి ఇన్సూరెన్సులో లీగల్ కవర్ ఉందేమో చూడండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి ఇంటి వివరాలు రాసిచ్చే టీఏ6 ఫారంలో పక్కవాళ్ళతో వివాదాల గురించి చెప్పాలి. ఒప్పందం కుదిరి కాగితం ఉంటే కొనేవాళ్ళు భయపడరు.

ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదో విజయవాడో వెళ్ళిపోయే కుటుంబాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ జాగాని తమ పేరు మీదికి మార్చమని పక్కవాళ్ళు దరఖాస్తు పెడితే ల్యాండ్ రిజిస్ట్రీ నోటీసు రిజిస్టరులో ఉన్న చిరునామాకే వెళ్తుంది, జవాబుకి 65 పనిదినాలే గడువు. అద్దెకున్నవాళ్ళ డోర్‌మ్యాట్ మీద ఆ కవరు ఉండిపోతే గడువు దాటిపోతుంది. సీఓజీ1 ఫారంతో మూడు చిరునామాల దాకా ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. ఇండియా చిరునామా, ఈమెయిలు రెండూ అందులో పెట్టండి.