విరగ్గొట్టి చూస్తే కత్తి సంగతి తెలుస్తుందా?

అడవిలో చిక్కుబడినప్పుడు ఆదుకోవాలని తయారుచేసే సర్వైవల్ కత్తుల మీద యూట్యూబ్‌లో కనబడే పరీక్షలు చాలావరకు ఒకే తీరున సాగుతాయి. కత్తిని ఇటుక మీద, కాంక్రీటు దిమ్మ మీద, ఇనుప ఊచ మీద పెట్టి సుత్తితో బాదుతూ పోతారు. ముందు విరిగినది ఓడినట్టు, చివరిదాకా నిలిచినది గెలిచినట్టు తేల్చేస్తారు. వెలిగొండ అడవుల్లో నడిచే అలవాటు ఉండి, నడుముకు కట్టుకున్న ఆ ఒక్క పనిముట్టునే నమ్ముకునేవాడిగా ఈ తీర్పులను నేను ఒప్పుకోలేను. అక్కడ కత్తితో చేసే పనులు ఎండు కట్టె చీల్చడం, తాడు కోయడం, కర్రకు మొన చెక్కడం, దారికి అడ్డొచ్చిన కంప కొట్టడం. వీటిలో ఏ పని దగ్గర, ఎంత బలానికి, ఏ విధంగా కత్తి చెడిందో, చెడిన తరువాత కూడా దానితో పని జరుగుతుందో లేదో చెప్పగలిగినదే నా దృష్టిలో పరీక్ష.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది వంచి చూసే పరీక్షలో. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న రెండు అలుగుల్లో ఒకటి 3 మిల్లీమీటర్లు, మరొకటి 6 మిల్లీమీటర్ల మందం ఉంటే, రెండోదాన్ని అంతే వంచడానికి 8 రెట్లు బలం కావాలి. ఎందుకంటే వంపును నిరోధించే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అలుగు ఇంకా తిరిగి నిటారుగా వచ్చే దశలో ఉన్నంతవరకు ఉక్కును కాల్చి, చల్లార్చి గట్టిపరచిన తీరుతో దానికి దాదాపు సంబంధమే లేదు. కాబట్టి బలంతో కొలిస్తే మందపు కత్తి గెలుస్తుంది. అదే రెండింటినీ ఒకే వంపుకు తెస్తే, మందపు అలుగు పైపొర రెండింతలు సాగవలసి వస్తుంది కనుక అదే ముందు పగిలే ప్రమాదం ఉంది. అంటే ఉక్కు మంచిదా, కమ్మరి పనితనం మంచిదా అన్న ప్రశ్న దాకా పోకముందే, కొలిచే పద్ధతే విజేతను నిర్ణయించేసింది. సమాన మందం ఉన్నవాటినే పోల్చాలి. కుదరకపోతే ఎంత బలం పట్టింది, ఎన్ని డిగ్రీలు వంగింది, వదిలాక ఎంతవరకు నిటారుగా వచ్చింది అన్న మూడింటినీ రాయాలి. బెంచ్ వైస్‌లో బిగించి వంచేటప్పుడు కంటికి అద్దాలు, చేతికి తొడుగు తప్పనిసరి, గట్టి ఉక్కు విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

కత్తులు చేసే కమ్మరుల సంఘమైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ, మాస్టర్‌కు ముందు మెట్టయిన జర్నీమన్ హోదాకు పెట్టే పరీక్షలో కూడా వంచడం ఉంది, కానీ ఆ వరుసలో ఒక ఆలోచన ఉంది. వేలాడుతున్న 1 అంగుళం మందం తాడును ఒక్క వేటుకు కోయాలి, తరువాత కలప బద్దను నరకాలి, మళ్ళీ పదును పెట్టకుండా అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గొరగాలి, చివరిగా 90 డిగ్రీలు వంచినా రెండు ముక్కలు కాకూడదు. పరీక్షకు పెట్టిన కత్తి అక్కడితో పనికిరాకుండా పోతుంది. అది అమ్మకానికి పెట్టే సరుకును తూచడం కాదు. అంచును గట్టిగా, వీపును మెత్తగా నిలపగల కమ్మరి నేర్పును తూచడం. ఆ ఫలితాన్ని తెచ్చి కార్ఖానా కత్తికి అంటగట్టడం సరి కాదు.

అంచు కోణం సంగతి మరింత ముఖ్యం. ఒక కంపెనీ కత్తి పక్కకు (అంచుకు ఒక్కో వైపు) 17 డిగ్రీలతో, మరొకటి 25 డిగ్రీలతో వస్తే, మొదటిది హాయిగా కోస్తుంది, కానీ ముడి తగిలితే త్వరగా పెచ్చులూడవచ్చు. పరీక్షకు ముందు అన్నిటినీ ఒకే కోణానికి, ఉదాహరణకు పక్కకు 20 డిగ్రీలకు, ఒకే రాయి మీద సాన పెట్టి తీరాలి. కొయ్య విషయంలోనూ అదే పట్టింపు ఉండాలి. మా వైపు దొరికే సర్కారు తుమ్మ ఎండితే గట్టిదనంలో సుబాబుల్ దానికి ఏమాత్రం సాటి రాదు. ఒకే తుమ్మ కొమ్మలో కూడా ముడి ఉన్న చోటు వేరు, లేని చోటు వేరు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవారికి ఈ తేడా వివరించనక్కర లేదు. ఒకే చెట్టు, ఒకే లావు, ఒకే ఎండుదల ఉన్న ముక్కలు తీసుకుని, ముడులున్నవాటిని వేరుగా పెట్టి, అన్ని కత్తులకూ సమానంగా పంచాలి.

పదును నిలకడను కొలవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కత్తుల మీద పరిశోధన చేసే కాట్రా సంస్థ యంత్రం ఉంది. ఐఎస్ఓ 8442-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 5 శాతం సిలికా కలిపిన అట్ట మీద 50 న్యూటన్ల బలంతో 60 సార్లు కోత నడుస్తుంది. అది అంచు అరుగుదలనే చెబుతుంది, దెబ్బను ఓర్చుకునే గుణాన్ని చెప్పదు. ఇంట్లో నేను వాడే పద్ధతి వంటింటి డిజిటల్ కాటాతో నడుస్తుంది. కాటా మీద చెక్క పలక, దాని మీద జనపనార తాడు పెట్టి, కత్తిని ఊపకుండా, లాగకుండా నిట్టనిలువుగా అదుముతాను. పోగులు ఒక్కొక్కటిగా టప్పుమంటూ తెగుతుంటే అంకె పెరుగుతూ పోయి, ఆఖరి పోగు తెగగానే పడిపోతుంది. ఆ పై అంకెను రాసుకుంటాను. కట్టె చీల్చే ముందూ తరువాతా అంచులో అదే చోట, స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టిన దగ్గరే ఇది చేయాలి. తరువాత ఎండలో అంచును కంటికి ఎదురుగా పట్టి చూస్తే, మంచి అంచు కనబడదు, చెడిన చోట మాత్రం వెలుగు తళుక్కుమంటుంది. అక్కడ గోరు ఆనించి మెల్లగా లాగితే మడతపడిందా, పెచ్చు ఊడిందా తెలిసిపోతుంది. మడతపడితే ఉక్కు మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. ఈ రెంటినీ కలిపి ‘పాడైంది’ అని ఒక్క మాటలో రాసేవారి నివేదికను నేను లెక్కలోకి తీసుకోను.

తుప్పు పరీక్షకు 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పు నీటి తుంపర పట్టించే ప్రమాణం ఉంది గానీ, అందులో గడిచిన గంటలను మైపాడు సముద్రపు గాలిలో గడిచే నెలలుగా మార్చి చెప్పే లెక్క ఏదీ లేదు. పక్కపక్కన పెట్టిన రెండు కత్తుల్లో ఏది ముందు తుప్పెక్కిందో చూసుకోవడం వరకే అది పనికొస్తుంది. ఒకే నమూనా కత్తితో మొత్తం మోడల్ మీద తీర్పు చెప్పడం కూడా నిలవదు, ఒకే కొలిమి నుంచి వచ్చినవాటిలోనూ గట్టిదనం (దాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద) ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ ఉంటుంది.

ఇంతా చేశాక మిగిలేది, దాదాపు ఎవరూ చూపించనిది, బాగుచేసే పరీక్ష. చెడిన అంచును మామూలు సానరాయి మీద, నీళ్ళు తప్ప మరేమీ లేకుండా, మళ్ళీ కాగితం కోసే స్థితికి తేవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి రాయాలి. అరుగుదలను బాగా తట్టుకునే ఖరీదైన స్టీలు ఇక్కడ చేతులకు నొప్పి పుట్టించవచ్చు. మడతపడ్డ సాదా కార్బన్ ఉక్కు త్వరగా దారికి రావచ్చు. కాటా మీది అంకె పక్కనే ఈ సమయాన్ని కూడా వేసి చూపించమని, కత్తులు పరీక్షించే మిత్రులందరినీ కోరుతున్నాను.