అమెరికా హిస్టరీ క్లాసులో పదకొండు వారాలు

జనవరి రెండో వారంలో ఫోన్ వచ్చింది. డాలస్ శివారులో ఒక పబ్లిక్ హైస్కూల్, పదకొండో తరగతి అమెరికా హిస్టరీ చెప్పే టీచర్ ప్రసవానికి సెలవు పెడుతోంది, లాంగ్ టర్మ్ సబ్‌గా, అంటే సెలవు అయ్యేదాకా ఆమె బదులు చెప్పే టీచర్‌గా రాగలరా అని అడిగారు. అప్పటికి రెండేళ్లుగా సబ్ టీచర్‌గా వెళ్తున్నాను కానీ అవన్నీ ఒక్కరోజు పనులు, అటెండెన్స్ తీసుకుని టీచర్ పెట్టి వెళ్లిన వర్క్‌షీట్లు పంచితే అయిపోయేది. ఇది అలా కాదు, పాఠం చెప్పాలి, పేపర్లు దిద్దాలి, మార్కులు వెయ్యాలి. గుంటూరులో తొమ్మిదేళ్లు సోషల్ చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చాక హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయినదాన్ని. మళ్లీ నా క్లాసు అని ఒకటి వస్తోందంటే ఆ రాత్రి సంతోషం, టెన్షన్ రెండూ కలిసి నిద్ర పట్టనివ్వలేదు.

నాకిచ్చినవి రెండు రకాల క్లాసులు. ఒకటి మామూలు హిస్టరీ, 1877 నుంచి మొదలవుతుంది, ఎందుకంటే టెక్సస్‌లో అంతకుముందు కథంతా ఎనిమిదో తరగతిలోనే చెప్పేస్తారు. ఏడాది చివర స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఉంటుంది, హైస్కూల్ డిప్లొమాకి కావలసిన ఐదు పరీక్షల్లో ఇదొకటి. రెండోది ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు. 1491 నుంచి ఇవాళ్టిదాకా తొమ్మిది భాగాలు, మే నెలలో 3 గంటల 15 నిమిషాల పరీక్ష. మన పిల్లలు ఎక్కువగా దీంట్లోనే ఉంటారు.

నా మొదటి దెబ్బ ఏపీ పరీక్షలోని డీబీక్యూ, అంటే డాక్యుమెంట్ల ఆధారంగా జవాబు రాసే ప్రశ్న దగ్గర తగిలింది. ఏడు డాక్యుమెంట్లు ఇస్తారు, ఒక ఉత్తరం, ఒక కార్టూన్, ఒక ప్రసంగం, ఒక తీర్పు ముక్క, అలా. వాటిని చదివి గంటలో ఒక వాదన కట్టి రాయాలి. మొదటి కట్ట పేపర్లు నేను మన పద్ధతిలోనే దిద్దాను. నాలుగు పేజీలు, గుండ్రటి చేతిరాత, సైడ్ హెడింగులు, కారణాలు, ఫలితాలు అన్నీ వరసగా రాసిన అమ్మాయికి 7కి 6 వేశాను. ఒకటిన్నర పేజీ గీకిన అబ్బాయికి 2. డిపార్ట్‌మెంట్‌లో పెద్దాయన ఒకాయన ఆ రెండు పేపర్లూ పక్కన పెట్టుకుని నా ముందే మళ్లీ దిద్దారు. అమ్మాయికి 2 వచ్చింది, అబ్బాయికి 6. ఆయన కోప్పడలేదు, ఒక్కటే అడిగారు: "ఈ అమ్మాయి చివరికి ఏమంటోంది?" మళ్లీ చదివాను. ఏమీ అనడం లేదు. తెలిసినదంతా రాసింది, అంతే.

ఆ ఏడు మార్కులకీ లెక్క ఉంది. వాదనకి ఒకటి, ముందూ వెనకా సందర్భం చెప్పినందుకు ఒకటి, ఇచ్చిన డాక్యుమెంట్లలో కనీసం నాలుగు ఆ వాదనకి సాక్ష్యంగా నిలబెడితే రెండు, ఇవ్వని సంగతి ఒకటి బయటి నుంచి తెస్తే ఇంకొకటి, మిగతా రెండూ విశ్లేషణకి. అందులో ఒకటి రావాలంటే రెండు డాక్యుమెంట్లని నిలదీయాలి. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరు చదవాలని, ఏం ఆశించి. తొమ్మిదేళ్లలో నేను ఒక్క పిల్లాడిని కూడా ఈ ప్రశ్న అడగలేదు. పాఠ్యపుస్తకం ఎవరు రాశారో నేనే ఎప్పుడూ చూడలేదు. నోట్సు చెప్పాను, ఇంపార్టెంట్ ప్రశ్నలకి టిక్కులు పెట్టించాను, నా పిల్లలకి మంచి మార్కులు వచ్చాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫిబ్రవరిలో వలస చట్టాల పాఠం. రెండు సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన ఇచ్చాను. 1922 నవంబర్‌లో ఒజావా అనే జపనీయుడి కేసు: వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకీ, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకీ మాత్రమే, తెల్లవాడంటే కాకేసియన్ (అప్పట్లో మనుషుల్ని జాతులుగా విడదీసి పెట్టిన పేర్లలో ఒకటి), నువ్వు కాదు అన్నారు. మూడు నెలలకి, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసు. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి శాస్త్రం ప్రకారం మేం కాకేసియన్లమే కదా అన్నాడు. అయితే అయ్యుండవచ్చు, కానీ మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అన్నారు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లండ్. ఆ సంగతి నేను చెప్పలేదు, కింద పేరు ఉంది, వాళ్లనే పట్టుకోమన్నాను. వెనక బెంచీలో ఒకబ్బాయి "మిస్, ఇద్దరూ ఒకడే!" అని అరిచాడు. ఆ తర్వాత పావుగంట నేను నోరు విప్పలేదు, వాళ్లే వాదించుకున్నారు. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారని చెప్పినప్పుడు మాత్రం మన పిల్లలు చాలా నిశ్శబ్దంగా అయిపోయారు.

తర్వాత హోంవర్క్: మీ ఇంట్లో మొదట ఇక్కడికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడిగి రాసుకురండి. సాయంత్రాలు రెస్టారెంట్‌లో పనిచేసి పొద్దున నా క్లాసులో కునుకు తీసే ఒక మెక్సికన్ అబ్బాయి ఎప్పుడూ ఏదీ టైముకి ఇచ్చేవాడు కాదు. ఇది మాత్రం గడువుకి ముందే ఇచ్చాడు. వాళ్ల తాత బ్రసేరోగా వచ్చాడట, 1942 నుంచి 1964 దాకా పొలం పనులకి మెక్సికో నుంచి కూలీలని కాంట్రాక్టు మీద తెచ్చిన పథకం అది. పొట్టి పిడి తొలికతో రోజంతా వంగి కలుపు తీయడం గురించి ఆ తాత మాటల్లోనే రెండు పేజీలు ఉన్నాయి. మన తెలుగు పిల్లల పేపర్లలో రెండు లైన్లు ఉన్నాయి. "మా నాన్న 2006లో హెచ్1బి మీద వచ్చారు. ఉద్యోగం కోసం." అంతే. ఆ పిల్లల తప్పు లేదు, ఇళ్లల్లో చెప్పడం లేదు.

ఇక్కడ నాకు కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. గుళ్లో, ఇండియన్ స్టోర్‌లో తెలిసినవాళ్లు ఆపి అడిగేది ఒకటే: "ఈ హిస్టరీ వేసవిలో ఆన్‌లైన్‌లో కానిచ్చేయొచ్చా అండీ, మావాడికి జీపీఏ పడిపోతోంది." కానిచ్చేయొచ్చు, చాలామంది అదే చేస్తున్నారు. కానీ 1965లో దేశాలవారీ కోటాలు ఎత్తేసిన చట్టం లేకపోతే మనలో ఎవరం ఇక్కడ ఉండేవాళ్లం కాదు. ఆ చట్టం ఊరికే రాలేదు, నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం వేడిలోనే వచ్చింది. హెచ్4 మీద ఉన్న నాకు పని చేసుకునే కార్డు వచ్చింది కూడా 2015లో వచ్చిన ఒక రూలు వల్ల. ఈ దేశంలో పెరిగే మన పిల్లవాడికి ఇవి కాలిక్యులస్ కంటే తక్కువ ఎలా అవుతాయి?

ఆ రెండు లైన్ల పేపర్లు వెనక్కిచ్చేశాను, మళ్లీ అడిగి రమ్మన్నాను. ఒకమ్మాయి తండ్రి ఆదివారం మధ్యాహ్నమంతా మాట్లాడారట. భీమవరం నుంచి ఎవరెవరు వచ్చారో చెబుతూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పారట. భీమవరంలో పుట్టి, థింద్ తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకి, 1923 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగినాయన. హార్వర్డ్‌లో పరిశోధన చేసి, ఫోలిక్ యాసిడ్ మీద, కేన్సర్ మందుల మీద అంత పని చేసి, అమెరికా పౌరుడు కాకుండానే 1948లో పోయారు. భారతీయులకి పౌరసత్వం ఇవ్వొచ్చని చట్టం వచ్చిందే 1946లో.

మార్చి చివర, నా ఆఖరి వారంలో ఆ అమ్మాయి డీబీక్యూలో ఆయన గురించి రాసింది. తీర్పు కాగితం మీద ఉండిపోలేదు, ఇలాంటి మనుషుల బతుకుల్లోకి వచ్చింది అని. బయటి సాక్ష్యం కింద ఒక మార్కు వెయ్యాలా అని నాకు సందేహం వచ్చి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ఆ పేరు ఎప్పుడూ వినలేదు. నన్ను రెండుసార్లు పలకమని, తనూ పలికి, కంప్యూటర్‌లో వెతికి చాలాసేపు చదివారు. పేపర్ నా చేతికి తిరిగిస్తూ "వెయ్యండి" అన్నారు.