నా మైక్రోస్కోపు మీద రాసి ఉన్న 18

నెల్లూరులో నేను పాథాలజిస్టుని, గడ్డల ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బేదో తేల్చేదాన్ని. ఆ ముక్కల్ని మైనంలో పోసి పెట్టిన నా ల్యాబు బ్లాకులు నాకంటే ఎక్కువసార్లు మద్రాసు వెళ్ళొస్తుంటాయి. క్యాన్సర్ అనే మాట వినగానే ఇక్కడివాళ్ళు రైలెక్కేది అటే. రిపోర్టు తీసుకున్న మర్నాడే ఇంటివాళ్ళు వచ్చి మైనపు బ్లాకులు, స్లైడ్లు అడుగుతారు. సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తాం. అక్కడ ఏమని రాశారో చాలావరకు నాకు తెలియదు.

పోయినేడాది ఒకమ్మాయి మాత్రం రెండు రిపోర్టులూ పట్టుకుని తిరిగొచ్చింది. వాళ్ళమ్మకి రొమ్ము క్యాన్సర్. నా కాగితంలో గ్రేడు 2, చెన్నై కాగితంలో గ్రేడు 3. గ్రేడు అంటే క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె, 1 నుంచి 3 దాకా. "తప్పు పట్టడానికి రాలేదు మేడమ్, ఏది నమ్మాలో చెప్పండి చాలు" అంది. ఇద్దరు చూస్తే కాస్త తేడా వస్తుందమ్మా, అక్కడి డాక్టర్లు చెప్పినట్టే చేయించండి అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి స్లైడు మళ్ళీ పెట్టి రెండుగా విడిపోతున్న కణాల్ని, అంటే మైటోసిస్‌లు లెక్కపెట్టాను. పది ఫీల్డుల్లో (లెన్సులో ఒకసారి కనిపించే గుండ్రటి భాగం ఒక ఫీల్డు) పద్నాలుగు. మొదటిసారీ అంతే వచ్చింది. గోడమీద అతికించిన పట్టిక ప్రకారం పద్నాలుగుకి స్కోరు 2. గ్రంథుల ఆకారానికి 3, న్యూక్లియస్‌కి 2 కలిపితే 7, అంటే గ్రేడు 2. లెక్క సరిగ్గానే ఉంది.

నెల తిరక్కుండా చెన్నైలో రెండు రోజుల బ్రెస్ట్ పాథాలజీ వర్క్‌షాప్ ఉందని మెసేజ్ వచ్చింది. నిజం చెప్పాలంటే సీఎంఈ, అంటే డాక్టర్లు చదువు కొనసాగించే ఈ క్లాసులంటే నాకు పెద్ద గౌరవం లేదు. అయిదేళ్ళకి 30 గంటలు ఉండాలన్నారు కాబట్టి వెళ్ళడం, చీకటి హాల్లో పవర్‌పాయింట్ చూస్తూ కునుకు తీయడం, భోంచేసి సర్టిఫికెట్ తీసుకుని రావడం. ఈసారి గాజు స్లైడ్లు మన చేతికే ఇస్తామన్నారని డబ్బు కట్టాను. అసలు కష్టం సెలవు. ల్యాబులో పాథాలజిస్టుని నేనొక్కదాన్నే. ఒంగోలులో ఉన్న క్లాస్‌మేట్‌ని బతిమాలితే రెండు రోజులు వచ్చి కూర్చుంటానన్నాడు.

పెరంబూరులో పిన్ని ఇంట్లో దిగాను. బాబాయి కోచ్ ఫ్యాక్టరీలో రిటైరైనా వాళ్ళు అక్కడే ఉండిపోయారు. "ఈ వయసులో మళ్ళీ చదువేందే? ఎంత చదివినా అద్దంలోకి తొంగి చూసేదేగా మీ పని" అంది పిన్ని, కాఫీ చేతికిస్తూ.

పొద్దున్నే పరీక్షతో మొదలు. ఇరవై స్లైడ్లు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. నాకు పదకొండు వచ్చాయి. పక్కన కూర్చున్న కర్నూలు డాక్టరుగారు తన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు. నేనూ అడగలేదు.

తర్వాత పదిమంది ఒకేసారి చూసే మల్టీహెడ్ మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. పాఠం చెప్పే మేడమ్ ఆకుపచ్చ బాణాన్ని ఒక డక్ట్ (పాలగొట్టం) మీద నిలిపి, "ఇది మామూలు హైపర్‌ప్లేసియానా, ఎటిపికలా, డీసీఐఎస్సా? చేతులెత్తండి" అన్నారు. మొదటిది కణాలు ఊరికే పెరగడం, రెండోది అనుమానంగా పెరగడం, మూడోది డక్ట్ దాటని క్యాన్సర్. మూడింటికీ చేతులు లేచాయి. అందరూ నవ్వేశాక 2015లో అమెరికాలో వచ్చిన అధ్యయనం గురించి చెప్పారు. 115 మంది పాథాలజిస్టులు తలా 60 కేసులు చూస్తే, నిపుణుల బృందం నిర్ణయంతో మొత్తమ్మీద 75 శాతమే కలిసిందట. డక్ట్ దాటి పాకిన ఇన్వేసివ్ క్యాన్సర్‌లో 96 శాతం, ఎటిపియాలో మాత్రం 48. నాణెం ఎగరేసినా దాదాపు అంతే అనుకున్నాను.

కానీ మేడమ్ అక్కడితో వదల్లేదు. బాణాన్ని డక్ట్ అంచుకి జరిపారు. చుట్టూ సన్నటి చీలికల్లాంటి ఖాళీలు, మధ్యలో ఒకదాని మీదొకటి పడి ఒకే వైపు పారుతున్నట్టున్న కణాలు. ఇది మామూలు హైపర్‌ప్లేసియా. పక్క డక్ట్‌లో ఖాళీలు బిస్కెట్ అచ్చుతో కోసినట్టు గుండ్రంగా ఉన్నాయి, కణాలన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయి. అదే ఎటిపికల్. అలాంటిది రెండు డక్ట్‌ల నిండా ఉన్నా, రెండు మిల్లీమీటర్లు దాటినా డీసీఐఎస్ ఆలోచించాలి. స్లైడు మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టి స్కేలుతో కొలవమన్నారు. నేనెప్పుడూ కొలవలేదు, కంటితోనే తేల్చేసేదాన్ని.

సాయంత్రం ఫార్మలిన్ గురించి, తీసిన గడ్డ చెడిపోకుండా ఉంచే ద్రవం అది. శనివారం రాత్రి ఆపరేషన్ చేసి, తీసిన రొమ్మును కోయకుండా ఇరుకు మూతి డబ్బాలో కుక్కి సోమవారం పంపే ఆసుపత్రి ఒకటి మాకుంది. కొవ్వులోకి ఫార్మలిన్ అంత తేలిగ్గా దిగదు, లోపల గడ్డ కుళ్ళిపోతుంది. తీసిన గంటలోపు కోసి ఫార్మలిన్‌లో వేయాలి, 6 గంటలకి తగ్గకుండా, 72 దాటకుండా ఉంచాలి. లేకపోతే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, హర్‌టూ రిపోర్టుల్ని నమ్మలేం. ఇదంతా పుస్తకంలో ఉన్నదే, ఆ సర్జన్‌తో గొడవెందుకని ఇన్నాళ్ళూ నేనే నోరు మెదపలేదు.

రెండోరోజు హర్‌టూ. కణాల అంచున ఆ ప్రోటీన్‌కి పట్టిన రంగుని బట్టి 0 నుంచి 3+ దాకా స్కోరు. 3+ అయితే 5 రెట్లు పెద్దది చేసే 5ఎక్స్‌లోనే కనిపించాలి, 2+కి 10, 20 కావాలి, 40 పెడితేగాని కనిపించనిది 1+. ఇదివరకు 0 అయినా 1+ అయినా నెగెటివ్ అని రాసి ఊరుకునేవాళ్ళం. 2022 తర్వాత, తక్కువ హర్‌టూ ఉన్న ముదిరిన క్యాన్సర్‌కీ మందు వచ్చింది కాబట్టి ఆ తేడా రాసి తీరాలి.

భోజనానికి ముందు గ్రేడింగ్. సార్ మొదటి ప్రశ్నే, "మీ ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ ఎంత?"

చేతులు లేవలేదు. ఐపీస్ అంటే కన్ను పెట్టే లెన్సు, దాని పక్కన రాసి ఉండే ఆ అంకెని 40తో భాగిస్తే 40ఎక్స్‌లో కనిపించే వృత్తం వ్యాసం వస్తుంది. 22 అయితే 0.55 మిల్లీమీటర్లు, 18 అయితే 0.45. చూడ్డానికి చిన్న తేడానే, కానీ వైశాల్యంలో ఒకటిన్నర రెట్లు. అందుకే పట్టికలో ఒక్కో వ్యాసానికి ఒక్కో వరుస ఉంటుంది. నా గోడమీది పట్టికలో ఒకే వరుస ఉంది. పీజీలో ఉన్నప్పుడు కాలేజీ మైక్రోస్కోపు కోసం రాసుకున్నది, 0.55ది. దాన్నే లామినేషన్ చేయించి ఊరు మారినా వెంట తెచ్చుకున్నాను.

సాంబారు అన్నం సగంలో వదిలేసి ల్యాబుకి ఫోన్ చేశాను. "ఐపీస్ తీసి పక్కన ఏముందో చదువు బాబూ" అన్నాను. టెక్నీషియన్ తుడుచుకుని చదివాడు: "10ఎక్స్, గీత, 18 మేడమ్."

0.45 వరుసలో పద్నాలుగుకి స్కోరు 3. కలిపితే 8. గ్రేడు 3.

చివరి పరీక్షలో పదహారు వచ్చాయి. సర్టిఫికెట్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. తిరిగొచ్చాక స్టేజ్ మైక్రోమీటర్, అంటే గీతలు గీసిన గాజు స్కేలు, అరువు తెచ్చి కొలిచాను, 0.45 ఖాయం. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెన్నై రిపోర్టే సరైనదని, పొరపాటు నాదని చెప్పాను. "ఆ రిపోర్టు చూసే మందు మొదలుపెట్టారు మేడమ్" అంది.

తర్వాత రెండేళ్ళ కేసులు బయటికి తీశాను. బ్లాకులు ఊరు దాటినవి పోగా ముప్పై నాలుగు మిగిలాయి. రోజుకి మూడు చొప్పున, ల్యాబు మూసేశాక లెక్కపెట్టాను. మూడింట్లో గ్రేడు మారింది. సర్జన్‌గారికి ఫోన్ చేసి పేర్లు చెబుతుంటే అటువైపు కాసేపు మాట లేదు. మొదటి ఇద్దరికీ చంకలోని గ్రంథుల్లో క్యాన్సర్ ఉండటంతో కీమో ఎలాగూ ఇచ్చేశామన్నారు. మూడోవిడకి నలభై ఒక్క ఏళ్ళు, కీమో లేకుండా మాత్రలతోనే సరిపెట్టారు.

"సవరించిన రిపోర్టు ఇవాళే పంపండి డాక్టర్. ఆవిడ నంబరు నా దగ్గరుంది, రేపు పిలిపిస్తాను" అన్నారు.