పడమర దేశానికి తూర్పు దారి

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా దాదాపు 14,000 కిలోమీటర్లు. అమ్మకి అదే మొదటి విమాన ప్రయాణం. సినిమాలేవీ ముట్టుకోలేదు. ముందు సీటు వెనకున్న స్క్రీన్‌లో మ్యాప్ పెట్టించుకుని బుల్లి విమానం బొమ్మనే చూస్తూ కూర్చుంది.

"అమెరికా పడమర కదరా, ఇదేమి జపాన్ మీదుగా పోతాంది?"

మంచి ప్రశ్నే. ఆ రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు అటూ ఇటూ. దగ్గర దారి ఉత్తర ధ్రువం మీదుగా. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి తొలి విమానాన్ని ఆ దారినే తెచ్చారు. కానీ అటు వెళ్లేటప్పుడు లెక్క వేరు. పైన జెట్ స్ట్రీమ్ గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి. అవి వెనక నుంచి తోస్తుంటే చుట్టు దారైనా త్వరగా చేరతాం. 2016లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఇలాగే పసిఫిక్ మీదుగా మళ్లిస్తే, దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా సమయం రెండు గంటల దాకా తగ్గింది.

ఇదంతా చెప్తే అమ్మ "ఓహో" అని ఊరుకుంది. అసలు టెన్షన్ దిగాక మొదలైంది. మధ్యాహ్నం ఎక్కాం, పదహారు గంటలు కూర్చున్నాం, చూస్తే అదే రోజు సాయంత్రం! చలికాలంలో మన టైమ్ అక్కడికంటే పదమూడున్నర గంటలు ముందు.

"రాత్రి బీపీ మాత్ర విమానంలోనే వేసుకుంటిని. మళ్లీ రాత్రొస్తాంది, వేసుకోవాల్నా?"

ఇమిగ్రేషన్ లైన్‌లో నిలబడి మా డాక్టర్‌కి మెసేజ్ పెట్టాను.