బేసిల్ మొగ్గ తొడిగింది

ఉదయం వంటింటి కిటికీలోని బేసిల్ (తులసి జాతి మొక్క) కుండీకి నీళ్లు పోస్తుంటే రెండు కొమ్మల చివర మొగ్గలు కనిపించాయి. పూత పట్టిందంటే ఆకు చేదెక్కుతుంది. రెండు వారాలుగా వాయిదా వేస్తున్న పెస్టో, అంటే ఈ ఆకుతో నూరి పాస్తాలో కలిపే ఇటాలియన్ పచ్చడి, ఇక ఈ రోజు చేయక తప్పలేదు. ఆకుల జంటకు కాస్త పైన తుంచితే అక్కడి నుంచి రెండు చిగుళ్లు వస్తాయి కాబట్టి, చూసి చూసి తుంచాను.

పోయినసారి మిక్సీలో వేశాను. మూత తీసినప్పుడు బాగానే ఉంది, పావుగంటలో నాచురంగుకు తిరిగింది. నలిగిన ఆకుకు గాలి తగిలితే అందులోని ఎంజైములే దాన్ని నల్లబరుస్తాయి. బ్లేడ్ల వేడి దానికి తోడు. మరిగే నీళ్లలో ఆకును 10 సెకన్లు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుంది, కానీ ఘుమఘుమ కొంత పోతుంది. రంగు కోసం వాసనను వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే రోలు దించాను. పెస్టో అన్న పేరే దంచడం అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. దాని పుట్టిల్లు, ఇటలీలోని జెనోవా నగరంలో పాలరాతి రోలు, చెక్క రోకలి వాడతారు. రెండేళ్లకోసారి జరిగే ప్రపంచ పెస్టో పోటీలోనూ అందరూ రోట్లోనే నూరాలి.

ఒక వెల్లుల్లి రెబ్బ, కాస్త గళ్లుప్పు మెత్తగా నూరి, పైన్ గింజలు వేశాను. ఆకులు వేసి దంచబోతే సగం ఎగిరి గట్టు మీద పడ్డాయి. బేసిల్‌ను దంచకూడదు, రోలు అంచుకు ఆనించి తిప్పుతూ నలపాలి. అప్పుడు ఉప్పు పలుకులు ఆకును చీల్చాయి, అడుగున పచ్చని రసం ఊరింది. 20 నిమిషాలు పట్టింది. మణికట్టు ఇంకా లాగుతోంది.

తర్వాత పార్మిజానో, పెకోరినో చీజ్‌ల తురుము, చివర ఆలివ్ నూనె. రుచి చూస్తే ఉప్పు కషాయం! పెకోరినో అసలే ఉప్పన అన్న సంగతి మరిచి మొదట్లోనే చెయ్యి జారాను. పాస్తా ఉడికే నీళ్లలో ఉప్పు మానేసి, ఆ నీళ్లే రెండు గరిటెలు పోసి, పొయ్యి ఆర్పాక కలిపాను. గట్టెక్కింది. రంగు మాత్రం చివరి ముద్ద వరకూ పచ్చగానే ఉంది.

అంత ఆకుకూ మిగిలింది చిన్న సీసాలో సగం. పైన నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. కుండీలో ఇప్పుడు ఏడు మోడులు. వాటిలో ఒకదాన్ని, చిట్టచివరి ఆకుల జంటకు కూడా కిందే తుంచేశానని ఇందాకే చూశాను.